చెర్నాకోలకి ధర కట్టడం ఎట్లా?



ఇవాళ చెర్నాకోల గురించి మాట్లాడుకుందాం.

నవ్వుతున్నారా? నవ్వండి. ఎడ్లబండి తోలేవాడి చేతిలో ఉండే వస్తువుతో ఆడవాళ్ళకేం పని అనుకుంటున్నారేమో. కొందరు దాన్ని చర్నకోల అంటారు. కొందరు కొరడా అంటారు. పేరు ఏదైనా, అది ఒక కర్ర, ఆ కర్రకి ఒక అల్లిక. ఇంట్లో మగవాళ్ళు తోలు కోస్తుంటే పక్కన కూర్చుని పాయలు అల్లే ఆడవాళ్ళు ఉన్నారు. గోగునారతో పలుపులు పేనే ఆడవాళ్ళు ఉన్నారు. ఆ పని చేసినందుకు వాళ్ళ పేరు ఎవరూ చెప్పరు. "ఊసుపోక ఏదో అల్లుతుందిలే" అంటారు.

ఆ ఊసుపోని పనిని నాలుగు రూపాయలు తెచ్చే పనిగా మార్చుకోవడం ఎట్లా? ఇవాళ్టి మాట అదే.

ఒక ఊళ్ళో ఒక అక్క ఉందనుకోండి. ఆమెకి పేరు పెట్టొద్దు. మీలో ఎవరైనా కావచ్చు.

ఆ అక్క చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని అల్లిక నేర్చుకుంది. పెళ్ళయ్యాక కూడా ఆ చేతివాటం పోలేదు. పొలం పనులు లేని రోజుల్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, అరుగు మీద కూర్చుని చెర్నాకోల అల్లుతుంది. ఆమె అల్లింది గట్టిగా ఉంటుంది. చెళ్ళుమని మోగుతుంది. ఎవరైనా వచ్చి "వదినా, ఒకటి ఇయ్యరాదూ" అంటే ఇచ్చేస్తుంది. వాళ్ళు పోయి ఒక మానెడు కందులు పంపిస్తారు. ఒక్కోసారి అదీ పంపరు. "ఇంట్లో చేసిందే కదా, డబ్బులెట్లా అడుగుతాం" అని ఆమె ఊరుకుంటుంది.

ఒకరోజు సంతలో తాళ్ళు అమ్మే షావుకారు ఆ చెర్నాకోల చూశాడు. "పది అల్లి ఇయ్యమ్మా, ఒక్కోటి 220 రూపాయలకి తీసుకుంటా" అన్నాడు. పదికి 2,200 రూపాయలు! ఆమె సంబరపడింది. సరేనంది.

సంబరపడాల్సిందేనా? లెక్క చూద్దాం. ముందు పని సంగతి. అల్లిక బాగుంటేనే ధర అడగడానికి నోరు వస్తుంది.

జడ వచ్చిన చేతికి

మీలో జడ వెయ్యడం రానివాళ్ళు ఉన్నారా? లేరు. పిల్లకి మూడు పాయల జడ వేస్తారు. చెర్నాకోలకి నాలుగు పాయలు. అంతే తేడా.

ముందు తోలు. తోలు ముక్కని నిలువుగా కోస్తే పొట్టి వారులు వస్తాయి. అతుకులు పెట్టాల్సి వస్తుంది. అతుకు ఉన్నచోటే తెగుతుంది. అందుకని పనివాళ్ళు తోలుని గుండ్రంగా కోసుకుంటారు. అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిప్పుతూ లోపలికి కోసుకుంటూ వస్తారు. జంతికల చుట్టని విప్పినట్టు ఒకటే పొడుగాటి వారు వస్తుంది. చిన్న ముక్కలోంచి కూడా ఎంత పొడుగు వారు వస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

అల్లికలో పొడుగు తగ్గిపోతుంది. మూరెడు అల్లిక కావాలంటే మూరన్నర వారు పెట్టుకోవాలి. ఇది మరిచిపోయి కోస్తే చివరికి చాలదు.

వారుని తడిపి, నీళ్ళు కారకుండా, చేతికి చల్లగా తగిలేటంత తేమతో అల్లాలి. ఆరేటప్పుడు తోలు బిగుసుకుంటుంది. ఎండు తోలు అల్లితే వదులుగా ఉంటుంది, వంచినచోట పగులుతుంది.

ఇక నాలుగు పాయల సంగతి. రెండు పాయలు కుడివైపు, రెండు ఎడమవైపు పెట్టుకోండి. కుడి చివరి పాయని తీసుకోండి. దాన్ని వెనక నుంచి ఎడమవైపుకి తీసుకుపోండి. ఎడమవైపున్న రెండు పాయల మధ్యలోంచి ముందుకి తేండి. మళ్ళీ కుడివైపుకే తెచ్చుకోండి. తరువాత ఎడమ చివరి పాయని అట్లాగే వెనక నుంచి కుడివైపుకి, రెండిటి మధ్యలోంచి ముందుకి, మళ్ళీ ఎడమకి. ఒకసారి ఇది, ఒకసారి అది. పది వరుసలు అయ్యేసరికి చెయ్యి దానంతట అదే పోతుంది. అల్లిక చదునుగా కాకుండా గుండ్రంగా వస్తుంది. ఇంటికి పోయి నాలుగు గుడ్డ పీలికలతో చేసి చూడండి. తోలు పాడు చెయ్యకుండా వస్తుంది.

ప్రతి పాయనీ ఒకే బిగువున లాగాలి. పొద్దున లాగిన బిగువు సాయంత్రం ఉండదు, చెయ్యి అలిసిపోతుంది. అలిసిన చేత్తో అల్లిన భాగం చూస్తే తెలిసిపోతుంది. అక్కడే వంకర తిరుగుతుంది. కాబట్టి చెయ్యి నొప్పి పుడితే ఆపేసి, మర్నాడు అల్లుకోవడం మేలు.

కొసకి పోయేకొద్దీ పాయల్ని సన్నం చేసుకుంటూ పోవాలి. పిల్ల జడ కొసకి పోయేకొద్దీ సన్నపడినట్టే. అందం కోసం ఒక్కటే కాదు. చెర్నాకోల మోగేది అందువల్లే.

ఎట్లా మోగుతుందో తెలుసా? చాలామంది అది దేనికో తగిలి మోగుతుందనుకుంటారు. గాలిలో ఝళిపించినా మోగుతుంది కదా! మొదట్లో మందంగా, కొసన సన్నంగా ఉన్న తాడుని విసిరితే, ఆ విసురు కొసకి చేరేసరికి వేగం విపరీతంగా పెరుగుతుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. చెర్నాకోల కొస ఒక్క క్షణం అంతకన్నా వేగంగా పోతుంది. అప్పుడు గాలే చెళ్ళుమంటుంది. కాబట్టి మంచి చెర్నాకోలతో ఎద్దుని కొట్టక్కర్లేదు. చప్పుడు చాలు. కొట్టి తోలేవాడి చేతిలో ఉన్నది చెర్నాకోల అయితేనేం, దుడ్డుకర్ర అయితేనేం!

ఇక్కడే చట్టం మాట కూడా చెప్పుకోవాలి. పశువుల్ని హింసించకూడదని 1960లో చట్టం వచ్చింది. బండ్లు లాగే, బరువులు మోసే పశువుల గురించి 1965లో నియమాలు వచ్చాయి. మేకు ఉన్న కర్రతో పొడిచి పశువుని తోలడం ఆ నియమాల ప్రకారం తప్పు. అంటే ములుకోల కుదరదు. ఎవరైనా వచ్చి "కొసకి ఒక మేకు పెట్టియ్యమ్మా" అంటే కుదరదని చెప్పెయ్యాలి. ఉడుము తోలు లాంటి అడవి జంతువుల తోలు జోలికీ పోవద్దు. 1972 నాటి వన్యప్రాణుల చట్టం కింద కేసవుతుంది. శుద్ధి చేసిన మామూలు తోలు దుకాణంలో కొనుక్కుని, చీటీ తీసుకుని దాచుకోవాలి.

తోలు శుద్ధి చెయ్యడం తరతరాలుగా మాదిగ వాడలు కాపాడుకొచ్చిన విద్య. తంగేడు చెక్క, కరక్కాయ వేసి పచ్చితోలుని కుళ్ళకుండా చెయ్యడం చిన్న విద్య కాదు. ఊరు ఆ తోలు వస్తువులన్నీ వాడుకుంది, చేసినవాళ్ళని మాత్రం దూరం పెట్టింది. ఆ ఇళ్ళల్లో ఆరె, రంపె పట్టుకోవడం తెలిసిన ముసలమ్మలు ఇంకా ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోండి. ఊరికే కాదు, నేర్పినందుకు డబ్బులిచ్చి నేర్చుకోండి.

తోలు ముట్టుకోలేని వాళ్ళుంటే గోగునార ఉంది, జనపనార ఉంది, కొబ్బరి పీచు ఉంది. అల్లిక అదే.

అల్లిన తరువాత దాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి దొర్లిస్తే ఎగుడుదిగుళ్ళు పోయి నున్నగా వస్తుంది. ఆరాక, కిర్రుచెప్పులకి పట్టించినట్టు ఆముదం పట్టిస్తే తోలు మెత్తగా ఉంటుంది. కొసకి నూలు కుచ్చు కట్టాలి. ఈ కుచ్చు త్వరగా అరిగిపోతుంది. అరిగిపోవడమే మంచిది, తోలు అరక్కుండా అది కాస్తుంది. కుచ్చు మార్చుకోవడానికి కొన్నవాళ్ళు మళ్ళీ మీ దగ్గరికే వస్తారు.

పది చెర్నాకోలల లెక్క

ఇప్పుడు ఆ అక్క దగ్గరికి పోదాం. షావుకారికి పది అల్లి ఇచ్చింది. 2,200 రూపాయలు చేతిలో పడ్డాయి. ఆమె సాక్షరతా కేంద్రంలో చదువు నేర్చుకుంది. కూడికలు, తీసివేతలు వచ్చు. పలక తీసుకుని కూర్చుంది.

ఈ అంకెలు ఉదాహరణకే. మీ ఊళ్ళో ధరలు మీకు తెలుసు. అవి వేసుకోండి.

ఒక్కో చెర్నాకోలకి తోలు 120 రూపాయలు. వెదురు కర్ర 20. నూలు, ఆముదం కలిపి 10. మొత్తం 150. పదికి 1,500. తోలు తేవడానికి పట్నం పోయి వచ్చిన బస్సు చార్జీలు 100. అంటే 1,600 పెట్టింది. 2,200 వచ్చింది. 600 మిగిలింది.

"600 లాభం!" అంది ఆమె.

పక్కింటి పిల్ల ఆ లెక్క చూసింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. "పెద్దమ్మా, ఇందులో నీ కూలి ఎక్కడుంది?" అని అడిగింది.

"నా కూలి ఏంటే? నేను కూలికి పోలేదుగా, ఇంట్లోనే కూర్చున్నాను."

"ఒక చెర్నాకోలకి ఎంతసేపు పట్టింది?"

ఆమె ఆలోచించింది. తోలు కొయ్యడం, తడపడం, అల్లడం, దొర్లించడం, కుచ్చు కట్టడం. అన్నీ కలిపితే సగం రోజు. పదికి అయిదు రోజులు.

అయిదు రోజులు పనిచేస్తే 600 రూపాయలు. రోజుకి 120.

ఆ ఊళ్ళో నాట్లకి పోతే ఆడకూలి రోజుకి 400 అనుకుందాం. అయిదు రోజులకి 2,000 వచ్చేది. ఇక్కడ 600 వచ్చింది. మిగిలిన 1,400 ఎటు పోయింది? ఎవరూ దొంగిలించలేదు. ఆమే లెక్కలో రాయలేదు. రాయనిదాన్ని ఎవరిస్తారు?

చూశారా! తోలు ఖరీదు రాసింది. కర్ర ఖరీదు రాసింది. పది రూపాయల ఆముదం కూడా రాసింది. తన చెయ్యి మాత్రం రాయలేదు. ఆడవాళ్ళ పని ఇంట్లో జరిగితే అది పని కిందకి రాదని అందరూ అన్నారు. వినీ వినీ ఆమె కూడా అదే నమ్మింది.

మళ్ళీ రాద్దాం.

సరుకు 1,500. బస్సు 100. కూలి 2,000. మొత్తం 3,600. అంటే ఒక్కో చెర్నాకోలకి 360 పడింది. ఇంకా ఉంది. కత్తి అరుగుతుంది. ఒక తోలు ముక్క పాడవుతుంది. ఒక కర్ర విరుగుతుంది. దానికో 40 వేసుకుంటే 400. ఇదీ దాని అసలు ధర. షావుకారు ఇచ్చింది 220. సంతలో అతను అమ్మింది 450కి.

ఈసారి షావుకారు వచ్చినప్పుడు ఆమె 400 అంది.

"ఏంటమ్మా, మొన్న 220కి ఇచ్చావు! ఖాళీగా కూర్చుని అల్లేదేగా!"

"ఖాళీగా కూర్చుంటే నడుం నొప్పి రాదు కదన్నా" అంది ఆమె.

షావుకారు 400 ఇస్తాడా? ఇవ్వడు. 450కి అమ్మేవాడు 400కి కొంటే అతనికేం మిగులుతుంది? అతనికీ బండి కిరాయి ఉంది, సంతలో ఆశీలు ఉంది. అమ్ముడుపోని సరుకు ఇంటికి మోసుకుపోవాలి. బేరమాడి 320 దగ్గర తెగిందనుకుందాం. పదికి 3,200. అందులో 1,600 ఖర్చు పోతే 1,600 మిగులుతుంది. రోజుకి 320 పడుతుంది. నాట్ల కూలి అంత కాదు. అయినా 120 ఎక్కడ, 320 ఎక్కడ!

ఇంకో దారి ఉంది. తనే సంతకి పోవడం. సంతలో 450 చొప్పున పదీ అమ్మితే 4,500. సరుకు 1,500, తోలుకి పోయిన బస్సు 100, సంతకి పోయిన బస్సు, ఆశీలు కలిపి 200. ఇవన్నీ తీసేస్తే 2,700. అల్లిన అయిదు రోజులు, సంతలో ఒక రోజు. ఆరు రోజులకి 2,700 అంటే రోజుకి 450.

మరి పదీ ఒకే సంతలో పోతాయా? పోకపోవచ్చు. ఏడే పోయాయనుకోండి. 3,150 వస్తుంది. అందులోంచి అదే 1,800 ఖర్చు తీసేస్తే 1,350. రోజుకి 225. మూడు చెర్నాకోలలు ఇంట్లో ఉన్నాయి, పై సంతకి పనికొస్తాయి. కానీ ఈ వారం ఇంటికి డబ్బు కావాలి కదా! అందుకని తెలివైన ఆడమనిషి సగం షావుకారికి ఇస్తుంది, సగం తను సంతకి తీసుకుపోతుంది. రెండు కాళ్ళ మీద నిలబడితే ఒకటి జారినా పడిపోదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పేజీని మూడు భాగాలు చెయ్యండి. మొదటిదానిలో "పెట్టింది" అని రాయండి. రెండోదానిలో "నా కూలి" అని రాయండి. మూడోదానిలో "వచ్చింది" అని రాయండి. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు, అంకెలు సరిగ్గా ఉండాలి. ఏ రోజుది ఆ రోజే రాయండి. మధ్యలో ఇంటి ఖర్చుకి తీసుకుంటే అదీ రాయాలి. పిల్లాడి ఫీజుకి తీసుకున్నా, ఇంటాయన చేతికి ఇచ్చినా రాయాలి. లేకపోతే తోలు కొనే రోజున పెట్టెలో డబ్బులుండవు. ఎటుపోయాయో ఎవరికీ తెలియదు. ఇంట్లో గొడవ.

ఎవరు కొంటారు?

ఇది అడగాల్సిన మాట. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లబండ్లు తగ్గిపోయాయి. ఎడ్లే లేనిచోట చెర్నాకోల ఎవరు కొంటారు? దీన్ని దాచి పెట్టి "అల్లండి, అమ్మండి" అనడం మోసం అవుతుంది.

ఎడ్లు తగ్గినా పూర్తిగా పోలేదు. ఒంగోలు ఎడ్లని ప్రాణంగా పెంచేవాళ్ళు ఉన్నారు. సంక్రాంతికి, తిరునాళ్ళకి బండలాగుడు పోటీలు పెడతారు. కనుమ నాడు పశువులకి కొత్త పలుపులు, కొత్త ముకుతాళ్ళు కడతారు. జ్యేష్ఠమాసంలో ఏరువాక పున్నమి వస్తుంది. ఆదిలాబాద్ వైపు శ్రావణ అమావాస్యకి ఎడ్లని అలంకరించి పొలాల పండుగ చేస్తారు. శ్రీకాకుళం జిల్లాలో నారాయణవలస, వనపర్తి జిల్లాలో పెబ్బేరు లాంటి పెద్ద పశువుల సంతలు ఉన్నాయి. అక్కడ ఎద్దుని కొన్నవాడు తాడు కొనకుండా పోడు.

ఇక ఆషాఢంలో బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్, పాతబస్తీ అంతా సాగుతాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. బోనాల ఊరేగింపులో ఒంటికి పసుపు పూసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ముందు నడిచేది పోతురాజు. అతని చేతిలో కొరడా ఉండాల్సిందే. పోతురాజు కొరడా మందంగా, బరువుగా ఉంటుంది. ఎడ్ల చెర్నాకోల తీసుకుపోయి పోతురాజు చేతిలో పెడితే కుదరదు. ఆ వేషం కట్టే ఇంటికి పోయి, పొడుగెంత, మందమెంత అని అడిగి, కొలిచి, రాసుకుని రావాలి. ఆషాఢంలో అమ్ముడయ్యేది చైత్ర వైశాఖాల్లోనే అల్లి పెట్టుకోవాలి. పండుగ రేపనగా అల్లడం మొదలుపెడితే బిగువు రాదు, పేరు పోతుంది.

అయినా ఒక్క చెర్నాకోల మీదే సంసారం నడవదు. నాలుగు పాయల అల్లిక మీ చేతిలో ఉంది కదా! దానితో ఇంకేం చెయ్యొచ్చో చూడండి. దూడకి మెడపట్టెడ. గేదెకి పలుపు. మూతికి చిక్కం. పట్నంలో కుక్కల్ని పెంచేవాళ్ళకి తోలు పట్టీ. చేతిసంచికి పిడి. తాళాల గుత్తికి కుచ్చు. తాళాల కుచ్చుకి చెర్నాకోల కొయ్యగా మిగిలిన తుంపులు సరిపోతాయి. ఇంతకు ముందు పారేసిన తోలు అది. పట్నం షాపులో ఇంత అల్లికకి ఎంత అడుగుతున్నారో ఒకసారి ధర చూసి రండి, కొనక్కర్లేదు.

ఇట్లా అల్లికతో మొదలుపెట్టి బతికినవాళ్ళు వేరే దేశాల్లోనూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో పశువుల మందలు పెద్దవి. గుర్రం మీద తిరుగుతూ కొరడా మోగిస్తూ వాటిని తోలతారు. అక్కడ ఆర్.ఎం. విలియమ్స్ అని ఒకాయన ఉండేవాడు. 1908లో పుట్టాడు. కూలిపనులు చేసుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు. 1930ల్లో, ఫ్లిండర్స్ అనే కొండల్లో ఉండగా, డాలర్ మిక్ అనే సంచారి దగ్గర తోలుపని నేర్చుకున్నాడు. కొడుకు కంటి జబ్బుకి వైద్యం చేయించాలి, చేతిలో డబ్బు లేదు. అప్పుడు తను చేసిన జీనులు అమ్మడం మొదలుపెట్టాడు. తరువాత అడిలైడ్ అనే పట్నంలో నాన్నగారింటి వెనక కొట్టంలో పని పెట్టాడు. ఉత్తరాల మీద ఆర్డర్లు తీసుకుని బూట్లు, తోలు సామాన్లు పంపేవాడు. ఆయన 2003లో పోయాడు. ఆయన పేరుతో కంపెనీ ఇంకా ఉంది. అందరూ అంత పెద్దవాళ్ళవుతారని కాదు. మొదలు మాత్రం మన అరుగు లాంటి చోటే.

అరువు సంగతి

మన అక్కకి ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఊళ్ళోవాళ్ళు. "నిన్నటిదాకా ఊరికే ఇచ్చావు, ఇవాళ 400 అంటున్నావు! డబ్బు మనిషివైపోయావే" అని ఒకామె అంది. ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. రెండు రోజులు అల్లలేదు.

ఇది చాలామందికి వచ్చే కష్టమే. బయటివాళ్ళతో బేరం ఆడొచ్చు. అన్న కొడుకుతో, ఆడపడుచుతో ఎట్లా ఆడతాం? ఆడక్కర్లేదు. ఇవ్వాలనుకున్నవాళ్ళకి ఊరికే ఇవ్వండి, పుస్తకంలో "పెట్టుపోతలు" అని రాయండి. అప్పుడు ఏడాదికి ఎన్ని ఊరికే ఇచ్చారో తెలుస్తుంది. రెండు ఇస్తే అది ప్రేమ. ఇరవై ఇస్తే ఆలోచించుకోవాలి.

అరువు ఇంకా కష్టం. "పంట వచ్చాక ఇస్తా" అంటారు. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. అరువిచ్చేటప్పుడు పేరు, తేదీ, ఎంత అన్నది రాసి, వాళ్ళ ఎదురుగానే చదివి వినిపించండి. చదివి వినిపించిన అప్పు తొందరగా వస్తుంది. షావుకారు వందేళ్ళుగా చేస్తున్నది అదే. మనకి చదువు రాదని అతను రాసుకున్నదే లెక్క అయింది. ఇప్పుడు రెండు పుస్తకాలు ఉంటాయి.

చదువు వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు చూపించారు. 1990లో అక్కడ అక్షరదీక్ష మొదలైంది. పాఠాల్లో సారా వల్ల సంసారాలు ఎట్లా పాడవుతున్నాయో చదివారు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించింది. ఆ ఆడవాళ్ళే తరువాత రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపు సంఘాలు పెట్టుకున్నారు.

పెట్టుబడికి కూడా అదే మంచి దారి. పది చెర్నాకోలలకి 1,600 కావాలి. వడ్డీవ్యాపారి దగ్గర నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 80 రూపాయలు అతనికే పోతుంది. సంఘంలో తీసుకుంటే వడ్డీ తక్కువ, ఆ వడ్డీ కూడా సంఘంలోనే ఉంటుంది. పొదుపు సంఘాలకి బ్యాంకులు అప్పులివ్వడం 1992లో నాబార్డు మొదలుపెట్టించింది. 2023లో విశ్వకర్మ పథకం వచ్చింది. అందులో పేర్కొన్న 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవాళ్ళు ఉన్నారు, బుట్టలు, చాపలు అల్లేవాళ్ళు, కొబ్బరి పీచు పనివాళ్ళు ఉన్నారు. చెర్నాకోల అల్లేవాళ్ళని విడిగా రాయలేదు. తోలుపని కిందో, పీచుపని కిందో తీసుకుంటారేమో మీ పంచాయతీలో అడిగి తెలుసుకోండి. మధ్యలో ఎవరైనా "రెండు వేలు ఇస్తే రాయిస్తా" అంటే నమ్మొద్దు.

మొదటిసారే పెద్ద అప్పు వద్దు. పది అల్లండి. అమ్మండి. ఏది పోయింది, ఏది పోలేదు చూడండి. ఆ డబ్బుతోనే మళ్ళీ తోలు కొనండి.

నలుగురు కలిస్తే ఇంకా మేలు. తోలు ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, బస్సు చార్జీ ఒకరిదే. ఒకరు బాగా కోస్తారు, ఒకరు బాగా అల్లుతారు. ఒకరికి సంతలో నోరుంటుంది. కానీ నలుగురి అల్లికా ఒకేలా ఉండాలి. ఒకరిది వదులుగా ఉంటే నలుగురి పేరూ పోతుంది. అందుకని అల్లినది ఇంకొకరు లాగి, విసిరి, మోగించి చూశాకే సంచిలో వెయ్యాలి. లోపం ఉంటే మొహమాటం లేకుండా చెప్పాలి, విప్పి మళ్ళీ అల్లాలి.

చివరగా ఆర్డరు రాసుకోవడం ఎట్లాగో చూసి లేద్దాం. ఎవరైనా ఫోను చేసి "కొరడా కావాలి" అంటే నోటిమాటగా సరే అనకండి. ఇట్లా రాసుకోండి:

ఎవరికి:
ఊరు, ఫోను నంబరు:
దేనికి, ఎడ్లకా, పోతురాజుకా:
పొడుగు ఎన్ని మూరలు:
తోలా, నారా:
ఏ రోజుకి కావాలి:
ధర:
ముందు ఇచ్చింది:
ఇంకా రావాల్సింది:

రాశాక వాళ్ళకి చదివి వినిపించండి. ముందు సగం డబ్బు చేతికి వచ్చాక తోలు తడపండి. ఆ అక్క మొన్న ఇట్లాగే మొదటి ఆర్డరు రాసుకుంది. "రావాల్సింది" అన్నచోట అంకె వేసి, కింద తన సంతకం కూడా పెట్టుకుంది.